మందుల చీటీ లాగే బిల్లును కూడా చదవండి

ఈ పుటలలో నేను ఎక్కువగా రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల గురించి వ్రాస్తుంటాను. ఈసారి దుకాణపు బిల్లు గురించి వ్రాస్తున్నాను. వైద్యునికి బిల్లుతో పని ఏమిటని మీకు అనిపించవచ్చు. చేతిలో డబ్బు తక్కువైనప్పుడు రోగి మొదట తగ్గించుకునేది మందునే. ఇది నా వృత్తిజీవితం పొడుగునా చూసిన విషయం.

పదవీ విరమణ తరువాత తిరుపతిలో స్థిరపడినా, నెలకొక ఆదివారం చిత్తూరు దగ్గరి మా స్వగ్రామానికి వెళ్లి రోగులను చూడడం అలవాటు. ఒకసారి అరవై అయిదేళ్ల ఒక అమ్మ వచ్చింది. మధుమేహం, రక్తపోటు రెండూ ఉన్న మనిషి. నాలుగు నెలలుగా అదుపులో ఉన్న రక్తపోటు ఆ రోజు చాలా ఎక్కువగా ఉంది. మాత్రలు మానేశావా అమ్మా అని అడిగాను.

"మానలేదు సా. దినం మార్చి దినం మింగతా వుండా. ఈ తూరి లెక్క సాల్లేదు" అన్నది.

మా వైపు లెక్క అంటే డబ్బు అని సీమ పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆమె సంచిలోనే బిల్లు ఉన్నది. చూస్తే చక్కెర మాత్రలు నాలుగు పట్టీలని వ్రాసి ఉంది, సంచిలో ఉన్నవి మూడే. ఒక్కొక్క పట్టీ 118 రూపాయలు. ఆ 118 తగ్గినందువల్ల ఆమె రక్తపోటు మాత్రలు ముప్పైకి బదులు పదిహేనే కొనుక్కున్నది. 2024 జూలై నుండి మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. ఆమెకు వేరే ఆదాయం లేదు. 4,000లో 118 అంటే దాదాపు మూడు శాతం. మీ నెలసరి ఆదాయంలో మూడు శాతం ఎంతో ఒకసారి లెక్క వేసి చూడండి.

ఆ దుకాణం యజమాని మంచివాడు. బిల్లు చూపగానే నిల్వ లెక్కించాడు. కంప్యూటరులో ఉండవలసిన దానికంటే ర్యాకులో ఒక పట్టీ ఎక్కువగా ఉంది. కౌంటరులోని కుర్రవాడు ఒకే పట్టీని రెండుసార్లు స్కాన్ చేశాడన్నమాట. డబ్బు తిరిగి ఇచ్చాడు, క్షమించమని కూడా అన్నాడు. మోసం ఎక్కడా లేదు. అయినా ఒక మనిషి పక్షవాతానికి కొన్ని అడుగులు దగ్గరగా వెళ్లివచ్చింది.

ఇటువంటి పొరపాట్లు ఎలా జరుగుతాయో తెలుసుకుంటే వాటిని పట్టుకోవడం సులువు. వస్తువు మీది నల్లగీతలలో ధర ఉంటుందని చాలామంది భ్రమ. అందులో ఉండేది ఒక సంఖ్య మాత్రమే. మన దేశంలో నమోదైన సంస్థల వస్తువులకు అది 890తో మొదలవుతుంది. 1974 జూన్ 26న అమెరికాలోని ఓహయో రాష్ట్రంలో ఒక చూయింగ్ గమ్ పొట్లాన్ని తొలిసారి స్కాన్ చేసిన నాటి నుండి నేటి వరకు పద్ధతి ఇదే. యంత్రం ఆ సంఖ్యను చదువుతుంది, ధరను దుకాణపు కంప్యూటరు నుండి తెచ్చుకుంటుంది. ర్యాకు మీది చీటీని మార్చేది ఒకరు, కంప్యూటరులోని ధరను మార్చేది మరొకరు. ఆఫరు ఆదివారం రాత్రితో ముగిస్తే కంప్యూటరుకు ఆ సంగతి వెంటనే తెలుస్తుంది, చీటీ మాత్రం బుధవారం దాకా వేలాడుతూనే ఉంటుంది.

మన దేశంలో మరొక చిక్కు ఉన్నది. ఒకే సబ్బు, ఒకే నల్లగీతలు. అయినా పాత సరుకు మీద ఒక ముద్రిత ధర, కొత్త సరుకు మీద మరొకటి. స్కాన్ చేయగానే తెర మీద రెండు ధరలు కనిపిస్తాయి, ఏదో ఒకటి కౌంటరులోని వ్యక్తి ఎంచుకోవాలి. వెనుక పదిమంది వరుసలో నిలబడి ఉండగా, పన్నెండు గంటలుగా నిలుచున్న ఆ అమ్మాయి వేలు పై వరుస మీదనే పడుతుంది. ఆ అమ్మాయిని తిట్టి ప్రయోజనం లేదు. కూరగాయల తూకం దగ్గరా ఇంతే. నాటు టమాటాకు బదులు హైబ్రిడ్ టమాటా సంఖ్య నొక్కితే చాలు, ధర మారిపోతుంది. కవరు మీద అంటించే చీటీలో కూరగాయ పేరు కూడా ఉంటుంది, దానిని చదవండి.

తప్పులన్నీ దుకాణానికి లాభంగానే జరుగుతాయా? న్యాయంగా చెప్పాలంటే, లేదు. అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ 1998లో చేసిన పరిశీలనలో సుమారు ముప్పై వస్తువులకు ఒకటి తప్పు ధరకు స్కాన్ అయినట్లు తేలింది. కొనుగోలుదారునికి కలిసివచ్చిన తప్పులు కూడా వాటిలో తక్కువేమీ కాదు. మనకు తక్కువ వేసిన బిల్లును మనలో ఎందరు తిరిగి చూపుతారు అన్నది వేరే ప్రశ్న. దానిని మీ మనస్సాక్షికి వదిలివేస్తున్నాను.

గత వేసవిలో తిరుపతిలోనే ఒక పెద్ద దుకాణంలో నా అనుభవం చెబుతాను. లీటరు వేరుశనగ నూనె పొట్లం దగ్గర చీటీ మీద 149 అని ఉంది. రెండు తీసుకున్నాను. బిల్లులో ఒక్కొక్కటి 165. తేడా 32 రూపాయలు. అడిగితే "ఆఫర్ నిన్నటితో అయిపోయింది సార్" అన్నారు. చీటీ ఇంకా అక్కడే ఉన్నదికదా అంటే, "తీయడం మరిచిపోయాం, ఎమ్మార్పీ కంటే ఎక్కువ వేయలేదు కదా" అన్నారు. ఈ రెండవ సమాధానాన్ని మీరు జాగ్రత్తగా గమనించాలి. ముద్రిత గరిష్ఠ ధరను దాటనంత వరకు ఏ ధర వేసినా తప్పు లేదని దుకాణాలవారే కాక కొనుగోలుదారులు కూడా నమ్ముతున్నారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అలా చెప్పదు. ఆ చట్టం 2020 జూలై 20 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం పొట్లం మీది ధర కంటే ఎక్కువ తీసుకున్నా ఫిర్యాదు చేయవచ్చు, దుకాణదారు ప్రదర్శించిన ధరల పట్టికలోని ధర కంటే ఎక్కువ తీసుకున్నా చేయవచ్చు. వారు వేలాడదీసిన ధర వారిని కట్టివేస్తుంది.

చీటీని ఫోనులో ఫోటో తీసి, గొంతు పెంచకుండా ఈ మాట చెప్పాను. కౌంటరు దగ్గర అరచుకుంటే రక్తపోటు అప్పటికప్పుడు ఇరవై ముప్పై అంకెలు ఎగబ్రాకగలదు, 32 రూపాయల కోసం అంత వెల చెల్లించవద్దు. మొదట ఆ మొత్తాన్ని సభ్యత్వ కార్డులో పాయింట్లుగా వేస్తామన్నారు. తరువాత, వచ్చే నెలలోగా వాడుకోవలసిన క్రెడిట్ నోటు ఇస్తామన్నారు. చివరకు ఇరవై నిమిషాల తరువాత మేనేజరు వచ్చి నగదు ఇచ్చాడు. మూడు రోజుల తరువాత మళ్లీ వెళితే 149 చీటీ అక్కడే, చెక్కుచెదరకుండా ఉన్నది! ప్రశ్నించిన ఒక్కనికి డబ్బు తిరిగి ఇవ్వడం దుకాణానికి చవకైన వైద్యం. జ్వరం మాత్ర ఇచ్చి, జ్వరానికి కారణాన్ని అలాగే వదిలివేయడం వంటిది. అడగని వందమంది దగ్గర అదే తేడా వసూలవుతూనే ఉంటుంది.

మెల్‌బోర్న్‌లో గాని, టొరంటోలో గాని పిల్లలున్న పాఠకులు వారిని అడిగి చూడండి. కెనడాలో 2002 నుండి ఒక స్వచ్ఛంద నియమావళి ఉన్నది. అందులో చేరిన దుకాణంలో చూపిన ధర కంటే ఎక్కువ స్కాన్ అయితే, పది డాలర్ల లోపు వస్తువును ఉచితంగా ఇచ్చివేస్తారు. అంతకు మించిన వస్తువుకు పది డాలర్లు తగ్గిస్తారు. ఆస్ట్రేలియాలోని పెద్ద సూపర్‌మార్కెట్లలోనూ మొదటి వస్తువు ఉచితమనే పద్ధతి ఉన్నది. తప్పు చేస్తే తేడా ఇచ్చి ఊరుకోవడం కాక దుకాణానికి నష్టం కూడా వస్తుంది గనుక, చీటీలు మార్చే ఉద్యోగి అక్కడ రాత్రికి రాత్రే మార్చుతాడు. మన గొలుసు దుకాణాలు అటువంటి నియమం తమంతట తాము ఎందుకు పెట్టుకోకూడదో నాకు బోధపడదు.

మందుల సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. 2025 సెప్టెంబరు 22 నుండి జీఎస్టీ రేట్లు మారాయి. అంతకుముందు 12 శాతం పన్ను ఉన్న మందులలో అధిక భాగం 5 శాతానికి వచ్చాయి, కొన్ని ప్రాణరక్షక ఔషధాలకు పన్ను పూర్తిగా తొలగింది. గ్లూకోమీటరు, దాని స్ట్రిప్పులు కూడా 5 శాతానికి దిగాయి. పన్నుతో కలిపి 112 రూపాయలు ముద్రించిన పట్టీ అప్పటి నుండి 105కే రావాలి. పాత పట్టీ మీద పాత ధరే ఉండవచ్చు. నిల్వలను వెనక్కి పిలిపించి కొత్త ధర ముద్రించడాన్ని ఔషధ ధరల నియంత్రణ సంస్థ తప్పనిసరి చేయలేదు. దానికి బదులుగా తగ్గిన ధరల జాబితాను కంపెనీలు దుకాణాలకు పంపాలి, దుకాణదారు ఆ ధరకే అమ్మాలి. కనుక "ఇది పాత స్టాకు సార్" అన్న సమాధానం చెల్లదు. నిలువ ఉన్న పట్టీ మీది అంకె ఒక్కటే చూసి డబ్బు ఇవ్వకుండా, సవరించిన ధరల జాబితా చూపమని అడగండి.

తిరిగి ఇవ్వడం గురించి కూడా స్పష్టత అవసరం. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని, బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజులలోగా డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టం అంటుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అటువంటిదే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు అడుగున అచ్చువేసినంత మాత్రాన ఈ బాధ్యత తొలగిపోదు. అయితే మనసు మారి వెనక్కి ఇస్తామంటే తీసుకోవలసిన నిర్బంధం వారికి లేదు. ఫ్రిజ్‌లో ఉంచవలసిన ఇన్సులిన్ వంటి వాటిని బయటకు వెళ్లాక తిరిగి తీసుకోని దుకాణదారును నేను మెచ్చుకుంటాను. అది రెండు గంటలు రేణిగుంట ఎండలో స్కూటరు డిక్కీలో ఉన్నదో లేదో అతనికెలా తెలుస్తుంది? తరువాత దానిని కొనేది మరొక రోగి.

చిల్లరకు బదులు చాక్లెట్లు ఇచ్చే ఆచారం గురించి ఒక మాట. మధుమేహ రోగికి మందు అమ్మి, మూడు రూపాయలకు మూడు చాక్లెట్లు చేతిలో పెట్టడం నేను కళ్లారా చూశాను. మీరు వద్దనవచ్చు, అడగని సరుకు కొనవలసిన పని లేదు.

ఇంత చిన్న మొత్తాలకు ఎవరు పోరాడుతారు అంటారేమో. చండీగఢ్‌లో ఒక చెప్పుల దుకాణం కాగితపు సంచికి 3 రూపాయలు వసూలు చేసినందుకు అక్కడి వినియోగదారుల ఫోరం 2019లో 9,000 రూపాయలు చెల్లించమన్నది. ముందుగా తెలియజేయకుండా కౌంటరు దగ్గర సంచికి డబ్బు తీసుకోవడం అనుచితమని 2020 డిసెంబరులో జాతీయ కమిషన్ కూడా తేల్చింది. ఉత్తరప్రదేశ్‌లోని మథురలో రైలు టిక్కెట్టుకు 20 రూపాయలు ఎక్కువ తీసుకున్నారని 1999లో ఫిర్యాదు చేసిన ఒక న్యాయవాదికి 2022లో తీర్పు అనుకూలంగా వచ్చింది. ఇరవై రెండేళ్లు! ఆయన పట్టుదలకు నమస్కరిస్తాను గాని, నా వయసు రోగులకు ఆ మార్గాన్ని సూచించను. 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫిర్యాదు నమోదు చేసుకుని దుకాణంతో మాట్లాడుతుంది. చాలా వ్యవహారాలకు అదే చాలు. ముద్రిత ధరను మించి తీసుకున్నా, తూకంలో తేడా వచ్చినా తూనికలు కొలతల శాఖకు చెప్పవచ్చు. జిల్లా కమిషన్‌కు వెళ్లవలసి వస్తే 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము లేదు, రెండేళ్ల లోపల వెళ్లాలి, మీరు నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. బెంగళూరులో కొన్న సరుకుకు తిరుపతిలో ఫిర్యాదు చేసుకోవచ్చన్నమాట.

వీటన్నిటికీ కావలసింది బిల్లు. ఆ కాగితం మీద సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత మాత్రమే ఉంటుంది. మన ఊరి ఏప్రిల్ ఎండలో కారు అద్దం దగ్గర పెడితే కాగితమే నల్లబడుతుంది, నూనె తగిలినా కొన్ని నెలలు గడచినా అక్షరాలు వెలిసిపోతాయి. అందుకే కొన్ననాడే ఫోటో తీసుకోండి, యూపీఐ ద్వారా చెల్లించి ఉంటే ఆ లావాదేవీ సంఖ్యను కూడా ఉంచుకోండి. ఆ పూతలో బిస్ఫినాల్ జాతి రసాయనాలు వాడడం సాధారణం, అవి చర్మం ద్వారా కొంత ఒంట్లోకి పోతాయి. ఫోటో తీశాక బిల్లును కూరగాయల సంచిలో వేయకండి, బండిలో కూర్చున్న పసిబిడ్డ చేతికి ఆడుకొమ్మని ఇవ్వకండి. ఇంటికి రాగానే చేతులు కడుక్కోండి.