ఒక్క తాళంచెవి, పది తలుపులు

కంప్యూటరు మాట వినగానే "మనకెందుకమ్మా ఈ గొడవ" అని పేజీ తిప్పేయకండి. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు, పచ్చళ్ళ ఆర్డర్లు, ట్యూషన్ ఫీజులు అన్నీ ఇప్పుడు ఎక్సెల్‌లోనే కదా రాసుకుంటున్నాం! ఇంటి పని ముగించుకుని దుకాణాలవాళ్ళ లెక్కలు రాసిపెట్టి నాలుగు రాళ్ళు సంపాదించుకునే ఆడవాళ్ళు మా మాసబ్ ట్యాంక్‌లోనూ ఉన్నారు. వాళ్ళని నిలువునా ఏడిపించే ఒక చిక్కు గురించే ఈ నాలుగు మాటలు.

గ్రైండరుకి కొబ్బరి తురిమే అటాచ్‌మెంటు తగిలించుకుంటాం చూడండి, అలాగే ఎక్సెల్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామును యాడ్-ఇన్ అంటారు. మనం రాసిన బిల్లుల్ని ఆడిటరుగారి సాఫ్ట్‌వేర్‌కి పంపడం లాంటి పనులు చేసిపెడుతుంది. దానికి మళ్ళీ వేరే పాస్‌వర్డు అడక్కుండా, ఎక్సెల్‌లో ఒకసారి లాగిన్ అయితే చాలన్న ఏర్పాటే సింగిల్ సైన్-ఆన్.

తిరుమల దర్శనం టోకెన్ తెలుసుగా! కౌంటరులో ఒకసారి ఆధార్ చూపిస్తే మన పేరుతో, టైముతో టోకెన్ ఇస్తారు. ఇదీ అంతే. మనం ఫలానా అని మైక్రోసాఫ్ట్‌వారి కౌంటరు నుంచి ఎక్సెల్ ఒక టోకెన్ తెచ్చి యాడ్-ఇన్ చేతికిస్తుంది. ఆ టోకెన్ రాకపోతే ఎర్ర అక్షరాలతో ఒక నంబరు కనిపిస్తుంది. మనకి కాళ్ళూ చేతులూ ఆడవు!

మా పై అంతస్తులో ఉండే వదినగారు పంజగుట్టలో ఒక దుకాణానికి లెక్కలు రాస్తారు. భర్త పోయాక ఆ జీతమే ఆవిడకి ఆధారం. ఇంటి ల్యాప్‌టాప్‌లో యాడ్-ఇన్ చక్కగా పనిచేస్తోంది. దుకాణం కంప్యూటరులో మాత్రం 13012 అని వచ్చి ఆగిపోతోంది. నెలనెలా జీఎస్టీ రిటర్ను వేసేవాళ్ళకి గడువు 20వ తేదీ కదా! దుకాణంవారు "మీకు కంప్యూటర్ రాదులెండి మేడమ్, ఎవరైనా కుర్రాణ్ణి పెట్టుకుంటాం" అనేశారట. ఆవిడ మెట్లమీదే కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

నేను చదివింది ఇంటర్ వరకే. మా అక్క కొడుకు అమీర్‌పేటలో కోర్సు చేశాడు. వాణ్ణి కూర్చోబెట్టి అడిగినవన్నీ వంటల నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకున్నాను. తేలిందేమిటంటే, తప్పు వదినది కానే కాదు! దుకాణంలో ఉన్న ఎక్సెల్‌కి ఆ టోకెన్ తెచ్చే విద్యే రాదు.

మా పేట పేరే చూడండి. గోల్కొండ హయాత్ బక్షీ బేగంని జనం మా సాహెబా అనేవారు. ఆవిడ పేరున వెలిసిన చెరువు నోళ్ళలో నలిగి మాసబ్ ట్యాంక్ అయింది. ఇక్కడ చోటు అదే, పేరు మారింది. ఎక్సెల్ సంగతి తిరగేసి ఉంటుంది. పేరు అదే, లోపలి సరుకే మారిపోతూ ఉంటుంది!

అందుకే ముందు వెర్షన్ చూడాలి. ఫైల్, అకౌంట్, తర్వాత అబౌట్ ఎక్సెల్ నొక్కితే ఒక నంబరు ఉంటుంది. విండోస్‌లో అయితే 2008 గానీ, అంతకంటే కొత్తది గానీ ఉండాలి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. 2008 అంటే 2008వ సంవత్సరం కాదండీ, 2020లో 8వ నెల! ఆఫీసులకి మొత్తంగా లైసెన్సు ఇచ్చిన 2019 రకంలో 1808 అని ఉంటుంది, అంటే 2018 ఆగస్టు. దుకాణంలో ఉన్నది అదే. అలాంటి 2016 రకానికీ ఈ సౌకర్యం లేదు. పైగా 2016, 2019 రెండింటికీ మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది.

ఇక నంబర్ల సంగతి. ఇవి నోటుబుక్కులో రాసుకోండి.

13000, 13012 వస్తే ముందు అనుమానించాల్సింది వెర్షన్‌నే.

13001 అంటే ఎక్సెల్‌లో ఎవరూ లాగిన్ కాలేదు. లాగిన్ అయితే సరి.

13002 అంటే లాగిన్ అడిగినప్పుడో, అనుమతి అడిగినప్పుడో క్యాన్సిల్ నొక్కారు. మళ్ళీ ప్రయత్నించండి.

13003 అంటే లాగిన్ అయిన ఖాతా రకం దీనికి పనికిరాదు.

13005 వస్తే మీరు చేసేదేం లేదు. సాధారణంగా అది యాడ్-ఇన్ తయారుచేసినవాళ్ళు సరిచేయాల్సిన లోపం.

13006 బ్రౌజరులో తెరిచిన ఎక్సెల్‌లో వస్తుంది. లాగౌట్ చేసి, మళ్ళీ తెరవండి.

ఇంట్లో ల్యాప్‌టాప్ ఒక్కటే ఉండి అందరూ వాడుతుంటే ఇంకో తంటా. పిల్లాడి కాలేజీ ఖాతాతో ఎక్సెల్ తెరిచి ఉంటే, యాడ్-ఇన్ మనల్ని వాడే అనుకుంటుంది! "అడ్మిన్ అనుమతి కావాలి" అని తెర అడ్డుపెడుతుంది. కుడివైపు పైమూల ఎవరి పేరుందో చూసి, మన ఖాతాకి మార్చుకోవాలి. ఇవేవీ చూడకుండా ఆఫీస్ మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించకండి. పూట పోతుంది, పని జరగదు.

వదినగారు ఏం చేశారంటారా? లెక్కల ఫైలుని వన్‌డ్రైవ్‌లో పెట్టి, దుకాణంలో ఎక్సెల్‌ని బ్రౌజరులోనే తెరిచారు. అక్కడ ఎప్పుడూ కొత్త వెర్షనే ఉంటుంది కనుక టోకెన్ వచ్చింది. 20వ తేదీలోపే లెక్క వెళ్ళింది, ఉద్యోగమూ నిలిచింది. కుర్రాడి మాట మళ్ళీ ఎత్తలేదట!

యాడ్-ఇన్ అమ్మినవాళ్ళని కూడా ఒక మాట అడగండి. "టోకెన్ రానప్పుడు మామూలుగా లాగిన్ అయ్యే దారి పెట్టారా?" అని. బాగా తయారుచేసినవాటిలో అది ఉంటుంది. లేకపోతే పెట్టమనండి. డబ్బు తీసుకున్నారుగా!

ఫోన్ చేసేటప్పుడు "పనిచేయడం లేదండీ" అని బేలగా అనకండి. నంబరు ఇది, వెర్షన్ ఇది, లాగిన్ అయిన ఖాతా ఇది అని మూడూ కాగితం చూసి చదవండి. అవతలివాళ్ళ గొంతు ఎలా మారుతుందో మీరే చూస్తారు!