శుభం కార్డు పడ్డాక ఏ ఊళ్లో ఉండాలి?

సినిమావాళ్లకి రిటైర్మెంటు ఉండదంటారు. నిజమే! మాకెవరూ పూలదండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపరు. ముందు ఫోను మోగడం తగ్గుతుంది, తర్వాత మానేస్తుంది. అదే మా రిటైర్మెంటు. పింఛను కాయితం మాత్రం రాదు.

నేను తెర మీద పేరు చిన్నక్షరాల్లో పడే రకం మనిషిని. 1981లో మద్రాసు వచ్చి, కోడంబాకంలో ఒక ఎడిటింగ్ రూములో అసిస్టెంటుగా చేరాను. మూవియోలా మీద ఫిల్ము కోసి అతికించాను. కంప్యూటర్లు వచ్చాక వాటి ముందూ కూర్చున్నాను. నా కళ్ల ముందే మన తెలుగు సినిమా మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వెళ్లిపోయింది. అన్నపూర్ణా స్టూడియో 1976 నాటికే అక్కడుంది. రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో వచ్చింది. మద్రాసు పేరు చెన్నై అయిందీ ఆ ఏడే! విజయా వాహినీ వారి స్థలంలో ఇప్పుడు ఆసుపత్రి ఉంది, కల్యాణమండపం ఉంది, పెద్ద మాల్ ఉంది. డబ్బింగు సినిమాల పని దొరకడంతో నేను సాలిగ్రామంలోనే ఉండిపోయాను.

ఇప్పుడు నాకు 67. మా ఆవిడకి 62. పని లేని ఊళ్లో అద్దె కట్టుకుంటూ ఎందుకుండాలి? ఉండకపోతే ఎక్కడికెళ్లాలి? రెండేళ్లుగా మా ఇంట్లో నడుస్తున్న సీరియల్ ఇదే.

'ముసలాయన పద్దులు మాకెందుకు?' అని పేజీ తిప్పేయకండి. ఇవాళో రేపో ఈ కథ మీ ఇంట్లోనూ ఆడుతుంది. అప్పుడు డైరెక్షను మీదే!

ముందు డబ్బు సంగతి చెబుతాను. ఎప్పుడో కొన్న చిన్న స్థలం అమ్మితే వచ్చిందీ, చేతిలో ఉన్నదీ కలిపి 39 లక్షలు. 2024లో 30 లక్షలు సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేశాను. ఒక మనిషికి పరిమితి అంతే. వడ్డీ 8.2 శాతం. మూడు నెలలకోసారి 61,500 చేతికొస్తుంది. అంటే నెలకి 20,500. మిగతా 9 లక్షలు మా ఆవిడ పేరున పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేశాం. 7.4 శాతం చొప్పున నెలకి 5,550. మొత్తం 26,050. ఇదీ మా బడ్జెట్టు. ఇందులోనే సినిమా తియ్యాలి!

ఇక లొకేషన్ల వేట.

నా మనసు ముందు భీమిలి వైపు పరిగెత్తింది. 1978లో 'మరో చరిత్ర' చూసినవాళ్లెవరికైనా ఆ సముద్రం మీద మోజుంటుంది. తర్వాత రాజమండ్రి గుర్తొచ్చింది. గోదావరి గట్టున సాయంకాలం కూర్చుంటే ఇంకేం కావాలి అనిపించింది. రెండు ఊళ్లూ చూసొచ్చాం. అందానికి వంక పెట్టలేం. కానీ కెమెరాకి కనపడనివి కొన్ని ఉంటాయి. లిఫ్టు లేని మూడో అంతస్తు కెమెరాకి కనపడదు. రాత్రి తొమ్మిదింటికి మందులషాపు ఎంత దూరమో కనపడదు. పలకరించే మనిషి లేని వీధి అసలే కనపడదు.

పోనీ వరదా తుఫానూ లేని ఊరు చూద్దామంటే అలాంటిదీ దొరకలేదు. విశాఖకి 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చింది. గోదావరి 1986 ఆగస్టులో ఊళ్లకి ఊళ్లు ముంచింది. మా చెన్నైకి 2015 డిసెంబరు వరద, 2019 వేసవిలో నీళ్ల కరువు. విజయవాడకి 2024 సెప్టెంబరులో బుడమేరు. అందుకని మేం ఇల్లు చూడబోయిన ప్రతిచోటా వీధిలో వాళ్లని ఒకటే అడిగాం: "మొన్న వానకి నీళ్లు ఎందాకా వచ్చాయండీ?" బ్రోకరు చెప్పని మాట ఇరుగుపొరుగు చెబుతారు.

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. "మా పక్కనే ఫ్లాటు తీసుకోండి నాన్నా" అని దాని గోల. వాళ్ల వీధిలో అడిగితే అద్దే, మెయింటెనెన్సూ కలిపి 19,000 చెప్పారు. సాలిగ్రామంలో మేం ఉన్న ఇంటికి 15,000. తెనాలిలో మా మరదలు వాళ్లింటికి రెండు వీధుల అవతల, కింది వాటాకి 7,500.

తెనాలి! ఆంధ్రా ప్యారిస్! జగ్గయ్య, గుమ్మడి, కృష్ణ... ముగ్గురూ ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లంతా అక్కణ్ణించి మద్రాసు రైలెక్కారు. మేం ఎదురు రైలెక్కాలన్నమాట!

కాయితం మీద తెనాలి పద్దు రాశాను. అద్దె 7,500. బియ్యం, పాలు, కూరలు అన్నీ కలిపి 9,000. కరెంటు, గ్యాసు, ఫోను 2,200. మందులు 3,000. పనిమనిషికి 1,500. పేపరూ టీవీ 700. మొత్తం 23,900. నెలకి 2,150 మిగులుతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి అద్దె ఒక్కటే మారిస్తే, చెన్నైలో నెలకి 5,350 లోటు. హైదరాబాదులో 9,350 లోటు. తేడా అంతా అద్దె దగ్గరే. బస్సు సంగతి చూద్దామంటే అదీ సమానమే. ఆడవాళ్లకి తమిళనాడులో 2021 నుంచి, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఉచిత ప్రయాణం వచ్చింది. అందుకని ఆ మార్కులు ఎవరికీ వెయ్యలేదు.

మా ఆవిడ ఆ కాయితం తీసుకుని కళ్లజోడు పెట్టుకుని చదివింది. "లెక్క బాగానే ఉందండీ. మనిద్దరికీ వేశారు. ఒక్కరికే ఎంతవుతుందో కూడా వెయ్యండి" అంది.

ఒక్కరంటే ఎవరని నేనడగలేదు. తనూ చెప్పలేదు. తను నాకన్నా ఐదేళ్లు చిన్నది. నాకు బీపీ ఉంది, షుగరుంది.

కాయితం వెనక్కి తిప్పి మళ్లీ రాశాను. అద్దె 7,500 అలాగే ఉంటుంది. ఒక మనిషి పోయినంత మాత్రాన ఇంటాయన సగం అద్దె వదిలెయ్యడు కదా! తిండికి 5,000. కరెంటూ అవీ 1,800. మందులు 1,500. పనిమనిషి, పేపరు, టీవీ మామూలే. మొత్తం 18,000. మనుషులు సగమైతే ఖర్చు సగమవుతుందనుకుంటాం. కాదు, నాలుగింట మూడు వంతులుంటుంది.

అప్పట్నుంచి మేం చూసేది మారిపోయింది. ఇద్దరం సరదాగా ఎక్కడుంటామని కాదు, మిగిలిన ఒక్కరు ఎక్కడైతే బతగ్గలరని చూశాం. తను స్కూటరు నడపలేదు. ఫోనులో ఆటో పిలవడం రాదు. తమిళం కూరల బజారు వరకే వచ్చు. చెన్నైలో పెద్ద డాక్టర్లున్నారు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కానీ అర్ధరాత్రి ఒక్కతీ ఆ డాక్టరు దగ్గరికి ఎలా వెళుతుంది? తెనాలిలో మందులషాపు వీధి మలుపులో ఉంది. చెల్లెలు కేకేస్తే పలుకుతుంది. పెద్ద జబ్బు చేస్తే గుంటూరు పెద్దాసుపత్రి ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. 70 నిండినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. నాకింకా మూడేళ్లు, తనకి ఎనిమిదేళ్లు.

పొదుపు ఖాతాలో తన పేరు జాయింటుగా ఉంది. నేను లేకపోయినా గడువుదాకా అది తన పేరున నడుస్తుంది. అయిదేళ్లు గడిచాక మాత్రం అప్పటి వడ్డీయే ఇస్తారు. అది ఎంతుంటుందో ఎవరు చెప్పగలరు? ధరలేమో ఏటా నూటికి 6 పెరిగితే చాలు, 12 ఏళ్లలో రెట్టింపు! అందుకే ఆ మిగిలే 2,150 ముట్టుకోకూడదని ఒట్టేసుకున్నాం.

నాకు బాధ లేదా అంటే ఉంది. తెనాలిలో నాకెవరూ తెలీదు. ఇక్కడ వడపళనిలో టీకొట్టు దగ్గర నిలబడితే, ఏ సినిమాలో ఏ షాటు ఎక్కడ కోశామో గుర్తుచేసే నేస్తాలు ఇంకా నలుగురున్నారు. అక్కడ నేను ఫలానావిడ భర్తని, ఫలానావారి బావగారిని. నలభై నాలుగేళ్లు నా పని కోసం తను ఈ ఊళ్లో ఉంది, అరవం నేర్చుకుంది. ఇప్పుడు నా వంతు.

మేలో ఒక నెల అద్దెకుండి చూశాం. ఎండ మండిపోయింది. ఓ మధ్యాహ్నం మూడుగంటలు కరెంటు పోయింది. విసనకర్రలు పట్టుకుని వరండాలో కూర్చుంటే పక్కింటావిడ మజ్జిగ తెచ్చిచ్చింది. మా ఆవిడ గంటసేపు ఆవిడతో కబుర్లాడింది. అలా నవ్వగా చూసి చాలా కాలమైంది. సాయంత్రానికి ఇంటాయనకి అడ్వాన్సు ఇచ్చేశాను.

మా అమ్మాయికి కోపం ఇంకా తగ్గలేదు. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దాని గుమ్మంలో ఉంటాం. పెద్దవాళ్లకిచ్చే రైలు రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది గనక, రెండు నెలలకోసారే వస్తామని చెప్పాం.

ఇక మీరు... ఆదివారం మ్యాట్నీకి బయల్దేరే ముందు ఓ అరగంట మీ అమ్మానాన్నల దగ్గర కూర్చోండి. ఒక కాయితం తీసుకుని ఒకవైపు ఇద్దరి ఖర్చు, రెండోవైపు ఒక్కరి ఖర్చు రాయించండి. రెండోవైపు రాయడానికి వాళ్లు మొహమాటపడతారు. మాట మార్చేస్తారు. మీరు మాత్రం పెన్ను చేతికిచ్చి అక్కడే కూర్చోండి. మొదటి ఆట పోతే ఫస్ట్ షో ఉంది!