దూరం ఎవరి చేతిలో ఉంది?

పోయిన ఆదివారం మా నాయన గురించి రాస్తానన్నాను. ముందు ఒక ఫైటింగు ముచ్చట వినండి.

నిన్న సాయంత్రం కాలేజీ మెట్ల మీద మా డిగ్రీ పిల్లోడు ఒకడు ఫోన్‌లో ఎంఎంఏ ఫైట్ చూస్తున్నాడు. "ఏముందిరా అందులో?" అన్నాను. "దూరం సార్. దూరం ఎవరి చేతిలో ఉంటే ఫైటు వాళ్లది" అన్నాడు.

రాత్రి నేనూ పాత ఫైట్లు పెట్టుకుని కూర్చున్నా. కిక్కు తగిలే దూరం ఒకటి, పంచ్ తగిలే దూరం ఒకటి, ఒకరినొకరు పట్టుకునే క్లించ్ దూరం ఇంకొకటి. పొడుగు చేతులవాడు జాబ్‌తోనో, మోకాలి మీదికి తోసే కిక్‌తోనో ఎదుటివాణ్ని అవతలే నిలబెడతాడు. వాడు తనకు అందాలి, తాను వాడికి అందకూడదు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 52 కిలోల ప్రపంచ బాక్సింగ్ ఫైనల్లో తన చేతుల పొడవును అట్లానే వాడుకుంది. థాయ్‌లాండ్ బాక్సర్ జుతామస్‌పై 5-0తో గెలిచింది.

రింగులో అది కష్టపడి నేర్చుకున్న విద్య. ఊర్లో అది పుట్టుకతో వచ్చిన హక్కు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి గనుల్లో పనిచేసిన మా నాయనకు ఆసామి ఇంటి ముందు ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పాల్సిన పని లేదు. కాళ్లకే తెలుసు. ఆ అరుగు మీద పరిచిన బండ ఆయన కోసిందే. బండకు అంటు లేదు. కూలి డబ్బులు మాత్రం పైనుంచి చేతిలో పడేసేవాళ్లు. ఆయన కష్టం వాళ్లకు అందేది, వాళ్లు ఆయనకు అందేవాళ్లు కాదు.

మరి పొట్టి చేతులవాడికి దారి లేదా? 2018 జులై 7, లాస్ వెగాస్. డేనియల్ కార్మియర్ చేతులు చాపితే 72.5 అంగుళాలు. హెవీవెయిట్ చాంపియన్ స్టీపే మియోచిచ్‌వి 80. కార్మియర్ దెబ్బలు తింటూనే లోపలికి వెళ్లాడు. క్లించ్ పట్టాడు. విడిపోతున్న క్షణంలో కుడి హుక్ వేశాడు. మొదటి రౌండ్లోనే అయిపోయింది.

స్టాఫ్ రూంలో ఇన్నేళ్లుగా నేను కిటికీ పక్కన విడిగా కూర్చుని అన్నం తింటున్నా. నన్నెవరూ పొమ్మనలేదు. ప్రశాంతంగా ఉంటుందని నాకు నేను చెప్పుకున్నా. నిజమేంటంటే, నా కాళ్లకూ తెలుసు.

ఈరోజు క్యారియర్ తీసుకెళ్లి పెద్ద టేబుల్ మధ్యలో విప్పాను. సంగటి, బోటి కూర. మాటలు ఆగిపోయాయి. ఒకాయన బాక్సు మూసుకుని లేచాడు. తగిలింది, తగల్లేదని అనను. కానీ లేచింది ఆయన, నేను కాదు. చివరి ముద్ద దాకా తిన్నాను.

రేపు కూడా అక్కడే కూర్చుంటా.

జై భీమ్.