లెక్క తెలిస్తే చాలా?

రూలెట్ చక్రం ప్రతిసారీ కొత్తగానే తిరుగుతుంది. బ్లాక్‌జాక్ పేకాట అలా కాదు. పడిన ముక్క మళ్లీ కలిపేదాకా తిరిగి రాదు. గణిత ఆచార్యుడు ఎడ్వర్డ్ థోర్ప్ 1962లో ‘బీట్ ద డీలర్’ పుస్తకంలో పట్టుకున్న కిటుకు ఇదే. ఎక్కువమంది వాడే లెక్క సులువే: రెండు నుంచి ఆరు దాకా ఏది పడినా ఒకటి కలపాలి, పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒకటి తీసేయాలి. మొత్తం పెరిగిందంటే ఆటగాడికి కలిసొచ్చే పెద్ద ముక్కలు ఇంకా లోపలే ఉన్నాయని; పందెం పెంచాల్సింది అప్పుడే.

ఇంత చేసినా దక్కే మొగ్గు నూటికి ఒకటి, అటూ ఇటూగా. ఒక్క చెడ్డ రాత్రి దాన్ని మింగేస్తుంది. లెక్కపెడుతున్నారని పసిగడితే అమెరికాలోని నెవాడా కాసినోలు లేచి వెళ్లమంటాయి. నైపుణ్యం గెలుస్తుంది, నిజమే. ఓర్పూ, పోయినా ఇల్లు గడిచే డబ్బూ లేనివాళ్లను మాత్రం ఆ బల్ల దగ్గరికి వెళ్లొద్దనే బతిమాలతాను.