నిశానీ

2012లో అనంతపురం జిల్లా జంబులదిన్నె చిరునామాతో ఒక ఆధార్ కార్డు వచ్చింది. పేరు కొత్తిమీర. తండ్రి పేరు పలావు. ఫోటో ఉండాల్సిన చోట సెల్‌ఫోను బొమ్మ. 2014లో రాజస్థాన్‌లోని సీకర్ జిల్లాలో ఒక పోస్టాఫీసుకి హనుమంతుడి పేరున కార్డు వచ్చింది. తండ్రి పవన్‌జీ. ఎవరికివ్వాలో తెలీక పోస్టాఫీసోళ్లు తలలు పట్టుకున్నారు. 2015లో మధ్యప్రదేశ్‌లోని భిండ్ జిల్లాలో టామీ సింగ్ అనే కుక్కకి కార్డు పుట్టింది. దాని తండ్రి పేరు షేరూ సింగ్. కుక్కకి కూడా ఇంటిపేరూ, తండ్రి పేరూ సరిగ్గా కుదిరాయి చూడండి.

ఈ వార్తలు పేపర్లో చదివి స్టాఫ్‌రూములో అందరం నవ్వుకున్నాం. నవ్వు ఆగాక నాకు మా అమ్మ గుర్తొచ్చింది. కూరలో వేసుకునే ఆకుని మనిషని ఒప్పుకున్న ఈ దేశంలో, డెబ్భయ్యేళ్లకి దగ్గరపడిన మా అమ్మ ఇప్పటికీ నెలకోసారి తను తనేనని రుజువు చేసుకోవాలి. అదీ బొటనవేలితో.

వేలిముద్ర అంటే మీకు సెల్‌ఫోను తెరుచుకోవడం గుర్తు రావచ్చు. మా పేటలో దాన్ని నిశానీ అంటారు. నిశానీ మా ఇంట్లో ఆస్తిలాగా తరాలుగా వచ్చింది. మా తాత వూళ్లో ఒక రైతు దగ్గర కంబారిగా ఉండేవాడు. ఏడాది జీతానికి కుదిరేటప్పుడు ఒక నిశానీ. కూతురి పెళ్లికి అప్పు తెచ్చినప్పుడు ఒక నిశానీ. ఆ నోటులో ఎంత రాశారో మా తాతకి తెలీదు. ఎంత ఇచ్చారో మాత్రం తెలుసు. రెండు లెక్కలూ ఒకటి కావని తీర్చేటప్పుడు తెలిసింది. తీర్చడానికి మా పెదనాన్న కూడా అదే కళ్లంలో పనికి కుదరాల్సి వచ్చింది. అప్పుడు ఇంకో నిశానీ.

తెలుగులో తిట్టుకి కొదవ లేదు. 'వేలిముద్రగాడు' అందులో ఒకటి. చదువు రానివాణ్ణి అలా అంటారు. చదువు రానివ్వనివాణ్ణి ఏమనాలో మాత్రం మన నిఘంటువుల్లో లేదు.

1990ల మొదట్లో జిల్లాల్లో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటికి మాది విశాఖపట్నం జిల్లా. అనకాపల్లి జిల్లా అయ్యింది 2022 ఏప్రిల్ 4న. మా పేట రామమందిరం అరుగు మీద లాంతరు పెట్టి రాత్రిబడి చెప్పేవారు. పగలంతా చెరకు తోటలో పనిచేసి మా అమ్మ అక్కడికి వెళ్లేది. నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని పలక మీద దిద్దేదట. నేను బడికెళ్లే వయసొచ్చేసరికి ఆ పలకే నాకొచ్చింది. మా ఇద్దరికీ అక్షరాలు ఒక్క పలక మీదే పుట్టాయి. ఆవిడ నాలుగక్షరాల పేరు దగ్గర ఆగింది. నేను ఎమ్మే, బీయీడీ దాకా వచ్చి 2014 డీఎస్సీలో టీచరునయ్యాను. మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటి మనిషిని నేనే. కానీ మా ఇంటి మొదటి చదువు ఆ నాలుగక్షరాలదే అంటాను.

ఆ సంతకం పెట్టడానికి మా అమ్మకి రెండు నిమిషాలు పట్టేది. రేషను డిపోలో వెనక నిలబడ్డవాళ్లు సణిగేవారు. డీలరు "ఏటే, కలెక్టరు సంతకమేటే అది, బేగి కానీ" అనేవాడు. మా అమ్మ తలెత్తేది కాదు. తలకట్టు దాకా పూర్తిగా రాసి, ఒకసారి చూసుకుని, అప్పుడు పెన్ను ఇచ్చేది. అంతకుముందు అయితే సిరా పెట్టెని స్కేలుతో ముందుకి తోసేవాడు. అమ్మ వేలు అద్ది రిజిస్టరు మీద నొక్కేది. అతను మళ్లీ స్కేలుతోనే పెట్టెని వెనక్కి లాక్కునేవాడు. బియ్యం కూడా డబ్బా ఎత్తి పైనుంచి సంచిలో పోసేవాడు. కింద పడ్డవి ఏరుకోవడం మా పని.

2015లో రాష్ట్రంలో రేషను డిపోలకి ఈ-పాస్ మిషన్లు రావడం మొదలయ్యింది. సంతకం అక్కర్లేదు, వేలు పెడితే చాలన్నారు. అప్పటికి మా అమ్మ సంతకం నేర్చుకుని ఇరవయ్యేళ్లు దాటింది. మళ్లీ నిశానీకే వచ్చాం. ఈసారి దాని పేరు బయోమెట్రిక్. దీన్ని అభివృద్ధి అన్నారు.

నేను సోషల్ చెప్పే టీచర్ని కాబట్టి ఈ వేలి చరిత్ర ఏమిటో వెతికాను. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు దొర ఉండేవాడు. రోడ్డుకి కంకర సరఫరా చెయ్యడానికి రాజ్యధర్ కోనాయ్ అనే ఆయనతో ఒప్పందం రాసుకున్నాడు. ఆ ఒప్పందం కోనాయ్ తన చేత్తో రాసిందే. అంటే ఆయనకి చదువొచ్చు. సంతకం పెట్టబోతుంటే దొర ఆపాడు. ఆఫీసు ముద్రకి వాడే సిరా ఆయన అరచేతికి పూసి, కాగితం వెనక చెయ్యంతా అచ్చు వేయించాడు. తర్వాత ఇది నా సంతకం కాదని బొంకకుండా కోనాయ్‌ని బెదరగొట్టడానికే అలా చేశానని దొరే తర్వాత రాసుకున్నాడు. రాయడం వచ్చిన మనిషిని సంతకం వద్దని చెయ్యి అడగటం అక్కడ మొదలయ్యింది. మా అమ్మకి కోనాయ్ చుట్టమే అనిపించింది నాకు.

1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. లక్షల ముద్రల్లోంచి ఒకదాన్ని వెతికి పట్టుకునే పద్ధతిని తయారు చెయ్యడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు కష్టపడ్డారు. లెక్క కట్టింది హక్. పద్ధతికి పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది. ఇప్పటికీ ప్రపంచమంతా హెన్రీ పద్ధతి అనే అంటారు. మనిషిని వేలితో గుర్తుపట్టే శాస్త్రంలో కూడా, పనిచేసిన చేతుల్ని గుర్తుపట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ వేలిముద్రలు ఎవరి మీద వాడారో కూడా చూడాలి. 1871లో నేరస్త తెగల చట్టం చేశారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. పుట్టుకతోనే దొంగలన్నారు. పేర్లు రాసుకుని వేలిముద్రలు తీసుకోవచ్చన్నారు. మన బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో అలా ఎరుకల వాళ్ల కోసం కట్టిన సెటిల్మెంటే. 1952లో గానీ ఆ చట్టం దేశమంతటా పోలేదు. అందుకే 'వేలు పెట్టు' అన్న మాట వింటే కొందరికి టెక్నాలజీ గుర్తొస్తుంది, కొందరికి పోలీసు స్టేషను గుర్తొస్తుంది. ఇందులో వేలి తప్పేం లేదు.

ఇక మిషను సంగతి. వేలి మీద గీతలు తల్లి కడుపులోనే ఏర్పడతాయి. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్నదాన్ని మిషను చూస్తుంది. గీత అరిగిపోతే దానికేమీ కనపడదు. అనకాపల్లి బెల్లం మీరంతా తిన్నారు. ఆ బెల్లం ఎలా తయారవుతుందో వేళ్లని అడగాలి. చెరకు ఆకు అంచు రంపంలా ఉంటుంది. కోతలో వేళ్లు చీరుకుపోతాయి. రసం మరిగేటప్పుడు మడ్డి విరగడానికి సున్నం వేస్తారు. ఆ సున్నం చేతుల్ని తినేస్తుంది. ఎండిన పిప్పి పొయ్యిలోకి ఎగదోసే చెయ్యి కాలి కాలి బండబారుతుంది. నలభయ్యేళ్లు ఈ పని చేసిన మా అమ్మ బొటనవేలు ఏటి ఒడ్డున గులకరాయిలా నున్నగా అయిపోయింది. పని చెయ్యనివాళ్ల వేలు మిషనుకి పుస్తకంలా కనిపిస్తుంది. పనిచేసినవాళ్ల వేలు తెల్లకాగితం.

మా తమ్ముడు పరవాడ కంపెనీల్లో లోడింగు పనికి పోతాడు. వాడు తెల్లారి వెళ్తే రాత్రికి గానీ రాడు. అందుకని డిపోకి అమ్మే వెళ్లాలి. వేలు పెట్టింది. మిషను ఎర్రలైటు వెలిగించింది. తుడిచి పెట్టమన్నారు. తలకి రాసి నూనె పట్టించి పెట్టమన్నారు. పది వేళ్లూ అయ్యాయి. "రేపు రా" అన్నారు. పనిలో సగం రోజు పోయింది. మర్నాడు ఎడమచేతి ఉంగరపు వేలు ఒప్పుకుంది. మా అమ్మ చేత్తో ఏనాడూ ఉంగరం పెట్టుకోని వేలు అది.

వేలు పడలేదని ఎవరికీ బియ్యం ఆపకూడదు. ఆధార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు కూడా వేలు కలవలేదని అర్హుల నోటి దగ్గర కూడు తీసెయ్యకూడదన్న మాట ఉంది. కంటిపాపతో చూసే మిషను, వీఆర్వో వేలు పెట్టే ఏర్పాటు కూడా వచ్చాయి. వీఆర్వో వేలికి గీతలుంటాయి కదా.

అలాగని మిషను మీద కత్తి కట్టలేను. మిషను వచ్చాక చచ్చిపోయినవాళ్ల పేర బియ్యం ఎత్తడం కష్టమయ్యింది. దానికి కులం తెలీదు. పైగా అది ఇంకో పని చేసింది. వేలు సరిగ్గా పడటం లేదని ఒకరోజు ఆ డీలరు విసుగొచ్చి మా అమ్మ చెయ్యి పట్టుకుని, బొటనవేలు తన తువ్వాలుతో తుడిచి, గాజు మీద పెట్టి, పైనుంచి తన వేలితో గట్టిగా నొక్కాడు. ఆ రాత్రి అమ్మ నాకు ఫోను చేసింది.

"ఓలమ్మీ! ఆడు నా సెయ్యట్టుకున్నాడే."

"ఎవరమా?"

"డిపో ఆయన. ఆళ్ల నాయిన కాలం నుంచీ బియ్యం పైనుంచి పోసినోళ్లు. ఇయాల నా యేలు తుడిసి మరీ నొక్కేడు."

"అయితే అంటు పోయినట్టేనా?"

"ఏమో. నానొచ్చేసినాక సెయ్యి కడుక్కున్నాడో నేదో నాను సూళ్లేదు."

1950 నుంచి రాజ్యాంగంలో 17వ అధికరణం ఉంది. అంటరానితనం రద్దు అని రాసుంది. మా అమ్మ విషయంలో అది అమలు కావడానికి అరవై అయిదేళ్లు పట్టింది. అమలు చేసింది అగ్గిపెట్టెంత గాజుముక్క. అంబేడ్కర్ బతికుంటే దీన్ని విని ఏమనేవాడో గానీ, నవ్వు మాత్రం ఆపుకోలేకపోయేవాడనుకుంటాను. బియ్యం బస్తా లెక్క తేలాలి కాబట్టి ముట్టుకున్నాడు. మనిషని ముట్టుకోలేదు. ఆ తేడా మా అమ్మకి నాకంటే బాగా తెలుసు.

2022లో మా టీచర్లకి ముఖం చూపించే హాజరు వచ్చింది. సొంత ఫోనులో సొంత ముఖం. సంఘాలు గొడవ చేశాయి. నాతో పనిచేసే ఒక మాస్టారు "మమ్మల్ని దొంగల్లా చూస్తున్నారు టీచరుగారూ" అని బాధపడ్డారు. ఆయన బాధ నిజమే. కాకపోతే ఆయన వంశంలో దొంగలా చూడబడిన మొదటి మనిషి ఆయనే. మాకు అలవాటున్న విషయం కాబట్టి నేను ఫోను ఎత్తి ముఖం చూపించాను. అనుమానం కూడా అందరికీ సమానంగా పంచితే కొంత న్యాయమే.

ఏకలవ్యుడి బొటనవేలు గురించి మావాళ్లు కవితలు చాలా రాశారు. ఒకసారి ఏడో తరగతిలో ఆ కథ చెప్పాను. గురువు వేలు అడిగాడు, శిష్యుడు కోసి ఇచ్చాడు అన్నాను. వెనక బెంచీలో ఒక గుంటడు లేచాడు. వాళ్లమ్మ కూడా బెల్లం వంటకి పోతుంది. "మరి ఆడికి బియ్యం ఎవులిత్తారు టీచర్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు. నాకు తెలిసి ఆ కథ మీద ఇంతకంటే మంచి ప్రశ్న ఏ పండితుడూ వెయ్యలేదు.

2021లో బియ్యం బళ్లు వీధి మొగకి వచ్చాయి. 2025 జూన్ నుంచి ఆ బళ్లు పోయి మళ్లీ డిపోలు తెరిచారు. అరవై అయిదేళ్లు దాటినవాళ్లకి డీలర్లే ఇంటికి తెచ్చివ్వాలన్నారు. పద్ధతులు మారుతున్నాయి గానీ వేలు అడగటం మానలేదు.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు అమ్మ రేకుపెట్టె సర్దుతుంటే ఒక చీటీల కట్ట దొరికింది. రబ్బరుబ్యాండు వేసి ఉంది. వేలు పడ్డాక మిషను ఒక చిన్న చీటీ ఇస్తుంది కదా, అవన్నీ దాచింది. వేడికి నల్లబడే కాగితం కాబట్టి పాత చీటీల మీద ఎన్ని కిలోలో, ఏ తేదీయో అంతా వెలిసిపోయింది. వెనక్కి తిప్పితే ప్రతి దాని మీదా బాల్‌పెన్నుతో మా అమ్మ సంతకం ఉంది. నాలుగక్షరాలూ, తలకట్టుతో సహా.

"ఇదెందుకమా, ఎవరూ అడగలేదు కదా?" అన్నాను.

"ఆళ్లడక్కపోతే మానేత్తామేటి? నేర్సుకున్నాం కదా" అంది.