ఇదేనా మీరడిగినది?

1830లో పారిస్ నగరంలో ఒక గిటారు బోధినీ గ్రంథం వెలువడింది. దాని రచయిత ఫెర్నాండో సోర్. ప్రచురణకర్త కూడా ఆయనే. బార్సిలోనాలో 1778లో పుట్టిన ఆ స్పెయిన్ దేశీయుడు, ఫ్రెంచివారి ఏలుబడిలో ఉద్యోగం స్వీకరించిన కారణాన 1813లో స్వదేశం విడిచాడు. మళ్లీ ఆ గడ్డ తొక్కలేదు. లండన్, మాస్కో చూశాడు, నృత్యనాటకాలకు సంగీతం కూర్చాడు. చివరికి పారిస్‌లో గిటారు పాఠాలు చెబుతూ స్థిరపడ్డాడు.

స్వరలిపి పుస్తకం అచ్చు కావడం ఆ రోజుల్లో సామాన్యమైన పని కాదు. తగరం కలిసిన మెత్తని లోహపు రేకు మీద ముందు అయిదేసి గీతలు గీయాలి. తరువాత ఒక్కొక్క స్వరాన్నీ ఉక్కు పోటుముద్రతో సుత్తి దెబ్బ వేసి దించాలి. అంతా అద్దంలో చూసినట్లు కుడిఎడమలు తారుమారుగా! రేకు సిద్ధమైతే మాత్రం సుఖమే. గిరాకీని బట్టి కొద్ది ప్రతులు తీసుకుని, రేకును మళ్లీ అటక మీద పెట్టుకోవచ్చు. పొరుగు దేశంలో ఎవరైనా ఆ పుస్తకాన్నే చెక్కించి అమ్ముకుంటే అడ్డే వారు అరుదు. దేశాల నడుమ కృతికర్తల హక్కులకు బెర్న్ ఒడంబడిక 1886లో గాని రాలేదు. అందుచేత ఒకే రచనను వేర్వేరు దేశాల ప్రచురణకర్తలకు విడివిడిగా అమ్ముకోవడం ఆనాటి సంగీతకారుల లౌక్యం.

సోర్ చిక్కు అది కాదు. ఒకే గిటారు మీద పై పాట, అడుగు స్వరం, మధ్య పలుకు మూడూ వేర్వేరుగా నడవాలని ఆయన పట్టుదల. కాగితం మీద కూడా అలాగే విడదీసి వ్రాసేవాడు. కొనేవారో, సాయంకాలం సరదాగా తీగలు మీటుకునే గృహస్థులు. సులువైనవి వ్రాయమని ప్రచురణకర్తలు పోరు పెట్టారు. వారిని తప్పు పట్టడం తేలికే గాని, రేకుల ఖర్చు భరించేది వారే కదా! సోర్ తల ఒగ్గాడు, కాని మూగగా కాదు. 45వ కృతికి ‘చూద్దాం, ఇదేనేమో’ అని పేరు పెట్టాడు. 48వ దానికి ‘ఇదేనా మరి?’ అన్నాడు. 51వ దానికి వచ్చేసరికి ‘సరే, ఇప్పుడు కుదిరింది’! కొట్టు గుమ్మంలో సాగిన బేరమంతా ఆ మూడు ముఖపత్రాల మీద వినిపిస్తుంది.

స్వయంగా వేసుకున్న బోధినిలో ఆ బేరం లేదు. అందులో అభ్యాసాల కంటే వాదం ఎక్కువ. చేయి ఎందుకు ఇలాగే ఉండాలి, వ్రేలు ఎందుకు అలాగే వంగాలి అని పుటల తరబడి హేతువులు చెబుతాడు. 1832లో మెర్రిక్ అనే ఆయన దానిని ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఇంగ్లీషు చదివేవారికి సోర్ తర్కం తెలిసింది ఆ అనువాదం ద్వారానే. అనువాదకుని పేరు ఎవరు గుర్తు పెట్టుకుంటారు? అది వేరే సంగతి.

సోర్ 1839లో పారిస్‌లో మరణించాడు. అటు తరువాత నెపోలియన్ కోస్ట్ అదే బోధినిని సవరించి వెలువరించినప్పుడు, ఆ వాదంలో చాలా భాగం ఎగిరిపోయింది. అభ్యాసాలు మిగిలాయి. 1945లో ఆంద్రే సెగోవియా వాటి వంటివే 20 ఏరి న్యూయార్క్‌లో అచ్చు వేయించాడు. ప్రపంచమంతటా విద్యార్థులు సోర్‌ను ఎరిగింది ఎక్కువగా ఆ పలుచని పుస్తకం వల్లనే. అక్కడక్కడ స్వరాలు మారాయని పండితులు విసుక్కుంటారు. ఆ విసుగు న్యాయమే. కాని ఆ పుస్తకమే లేకపోతే పాత ముద్రణల కోసం వెతికే ఆసక్తి ఎందరికి కలిగేది? 1977లో బ్రయన్ జెఫ్రీ సోర్ జీవితచరిత్ర వ్రాశాడు. తొలి ముద్రణల నకళ్లను యథాతథంగా మళ్లీ అచ్చులోకి తెచ్చాడు.

వాటిలో 43వ కృతి ఒకటి, ఆరు చిన్న ముక్కలు. పేరు ‘నా విసుగులు’. ఆ కాలంలో అంకితాలు శిష్యులకో, ధనికులకో ఇవ్వడం పరిపాటి. ఇది మాత్రం, కావాలనుకున్నవారికి అంకితం.