గిన్నెలు ఖాళీగా పంపకూడదు

వంట రాని మగవాడు ఒంటరివాడైతే ఊరంతా ఇచ్చే సలహా ఒకటే. "ముందు అన్నం, పప్పు నేర్చుకోండి. ఒకటికి రెండు నీళ్లు, మూడు విజిల్స్. అంతేగా!" ఉద్యోగం కోసం ఊరు దాటిన ఇరవై రెండేళ్ల కుర్రాడికైతే ఈ సలహా బాగానే పనికొస్తుంది. కానీ నలభై ఏళ్లు ఒకే చేతివంట తిని, ఆ చెయ్యి పోయాక వంటింటి గడప దగ్గర నిలబడిపోయిన మనిషికి పప్పు అంత తేలిక వంట కాదు. అది ఎలా ఉండాలో ఆయన నాలుకకి ముందే తెలుసు. తను చేసింది అలా లేదని మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. ఆ బాధ ఉప్పు సరిచేస్తే పోయేది కాదు.

అలాంటివాళ్లు మొదట నేర్చుకోవాల్సింది ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ వండనిది అని నాకిప్పుడు అనిపిస్తుంది. మా ఇంట్లో అది వెల్లుల్లి బన్ను అయింది. గార్లిక్ బ్రెడ్ రోల్స్ అంటే స్టైల్‌గా ఉంటుంది గానీ, మా నాన్న వాటిని బన్నులనే అంటారు.

నాన్నకి అరవై ఎనిమిది. పంచాయతీరాజ్ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. భీమవరంలో సొంతిల్లు. అమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. మధ్యాహ్నం మెస్ నుంచి క్యారేజీ వచ్చేది. అందులో సగం తిని, మిగతాది వీధి కుక్కకి పెట్టేవారు. రాత్రికి మజ్జిగ. ప్యాంటు బెల్టుకి కొత్త కన్నాలు పడ్డాయి. చుట్టాలందరూ "ఆయన్ని హైదరాబాదు తీసుకుపో, ఇల్లు అద్దెకిచ్చెయ్యి" అని నాకు చెప్పడం మొదలుపెట్టారు. నాన్న మాత్రం "చూద్దాంలే" అనేవారు. ఆయన 'చూద్దాంలే' అంటే వద్దని అర్థం.

నేను వెళ్లినప్పుడల్లా వంటింటి అలమరలో స్టీలు గిన్నెలు పెరుగుతుండేవి. మూతల డబ్బాలు, కూర గిన్నెలు, ఒక చిన్న కేను. అన్నీ శుభ్రంగా కడిగి బోర్లించినవే. అడుగున చుక్కలతో చెక్కిన పేర్లు చూస్తే ఒక్కటీ మాది కాదు. అమ్మ పోయిన కొత్తలో వీధివాళ్లు పంపిన కూరలవీ పులుసులవీ. లెక్కపెడితే పదకొండు.

"ఇచ్చెయ్యలేదేం నాన్నా?"

"ఖాళీగా ఎలా ఇస్తాం అమ్మా? మీ అమ్మ ఏనాడైనా ఖాళీ గిన్నె పంపిందా?"

నిజమే. ఏమీ లేకపోతే పెరట్లో రెండు నిమ్మకాయలైనా, గుప్పెడు కరివేపాకైనా వేసి పంపేది. కొట్లో స్వీట్లు కొని వేసి ఇచ్చేద్దాం అంటే నాన్న ఒప్పుకోలేదు. కొని వెయ్యడం బాకీ తీర్చినట్టు ఉంటుందట. ఈలోగా జరిగిందేంటంటే, గిన్నెలు తిరిగి వెళ్లవు కాబట్టి కొత్తవి రావడం తగ్గింది. గిన్నెలు ఇవ్వలేదన్న మొహమాటంతో ఆయన సాయంత్రం అరుగు మీద కూచోవడం మానేశారు. పదకొండు గిన్నెలు కలిసి మనిషిని ఇంట్లో పెట్టి గొళ్లెం వేశాయి.

ఆ సంక్రాంతికి నా ఓటీజీని బస్సు డిక్కీలో వేసుకుని ఊరెళ్లాను. హైదరాబాదులో ఆదివారాలు నేను చేసుకునే బన్నులు ఆయనకి చేసి పెడదామనే అనుకున్నాను. నేర్పించాలన్న ఆలోచన లేదు. బ్రెడ్డు మా ఇంట్లో జ్వరం వస్తేనే కనిపించే వస్తువు. అమ్మ దాన్ని వంటగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. అందుకే ఆ డబ్బా గట్టు మీదకి ఎక్కినప్పుడు నాన్న గడప దాటి లోపలికి వచ్చి చూశారు.

ఆయన్ని పట్టేసింది కాటా. నేను పిండిని చిన్న డిజిటల్ కాటా మీద తూస్తుంటే, "వంటకి ఇంత లెక్కుంటుందా?" అని పక్కన కూచున్నారు. అమ్మ వంటంతా చేతి లెక్క. 'కొంచెం', 'చూసుకుని', 'సరిపడా'. ఆ భాష నాన్నకి రాదు. గ్రాములైతే వచ్చు.

తొమ్మిది బన్నులకి లెక్క ఇది: మైదా 300 గ్రాములు, పాలు 100, నీళ్లు 90, పంచదార 12, ఉప్పు 6, ఇన్‌స్టంట్ ఈస్టు 5, మెత్తటి వెన్న 25. పాలూ నీళ్లూ కూడా గ్రాముల్లోనే తూచెయ్యొచ్చు.

నాన్న పాత డైరీ తెచ్చి రాసుకున్నారు. "300కి 190. అంటే 0.63. కాంక్రీటులో నేను సగం దాటనిచ్చేవాణ్ణి కాదు, నీళ్లెక్కువైతే బలం పోతుంది" అన్నారు. పిండి సిమెంటు కాదు గానీ, నిష్పత్తి మీద ఆయనకున్న భక్తి ఇక్కడా పనికొచ్చింది. మొదటిసారి చేసేవాళ్లందరికీ ఒక ఘట్టం వస్తుంది. కలిపిన పిండి వేళ్లకి అంటుకుని, జిగురుగా, ఎందుకూ పనికిరానట్టు కనిపిస్తుంది. వెంటనే చెయ్యి మైదా డబ్బా వైపు వెళ్తుంది. వెళ్లనివ్వకండి. మూతపెట్టి పదిహేను నిమిషాలు వదిలేస్తే మైదా నీళ్లు పీల్చుకుని దానంతటదే దారికొస్తుంది. ఆ తొందరలో వేసిన రెండు గుప్పెళ్లే తర్వాత బన్నుని ఇటుక చేస్తాయి. నాన్నకి ఇది వివరించాల్సిన అవసరం రాలేదు. "మిక్స్ డిజైన్ అయ్యాక సైటులో మార్చకూడదు" అని ఆయనే మూత పెట్టేశారు.

తర్వాత వెన్న వేసి పది నిమిషాలు పిసకాలి. చపాతీ పిండిలా నొక్కి వదిలేస్తే చాలదు. అరచేతి మడమతో ముందుకు తొయ్యాలి, మడిచి వెనక్కి లాక్కోవాలి, తిప్పాలి. మైదాలోని ప్రోటీన్లు నీళ్లతో కలిసి గ్లూటెన్ అనే సాగే వల అల్లుకుంటాయి. ఈస్టు వదిలే గాలిని పట్టి ఉంచేది ఆ వలే. చిన్న ముద్ద తీసి వేళ్ల మధ్య పల్చగా సాగదీస్తే చిరక్కుండా, వెలుతురు కనిపించేంత పొర రావాలి. అప్పుడు ఆపొచ్చు. నాన్న ఆ పొరని కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశారు.

ఈస్టు గురించి రెండు మాటలు. ఇన్‌స్టంట్ అని రాసి ఉంటే నేరుగా పొడి పిండిలో కలిపెయ్యొచ్చు. యాక్టివ్ డ్రై అని ఉంటే గోరువెచ్చటి పాలలో చిటికెడు పంచదారతో పది నిమిషాలు నానబెట్టాలి. నురగ రాకపోతే అది చచ్చిపోయినట్టే, మైదా దండగ చెయ్యకండి. పాలు పసిపిల్లకి పట్టేంత వెచ్చగా ఉంటే చాలు, పొగలు కక్కే పాలు పోస్తే ఈస్టు చస్తుంది. "ఇంతకీ ఏంటిది, మందా?" అన్నారు నాన్న. మన కల్లుకుండలో పనిచేసేదీ ఆ జాతిదే అని చెప్పాను. గోవాలో పోర్చుగీసువాళ్లు తమ రొట్టె పొంగించడానికి కొబ్బరి కల్లే వాడుకున్నారని చెబితే, గోదావరి జిల్లాల మనిషి కదా, ఈస్టు మీద ఆయన అనుమానం సగం తీరింది.

పిండిని నూనె రాసిన గిన్నెలో పెట్టి తడిగుడ్డ కప్పాను. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆ గిన్నె కింద ఒక పళ్లెం ఉంది.

"అదెందుకు నాన్నా?"

"ఎండాకాలం మీ అమ్మ ఇడ్లీ పిండి గిన్నె కింద పెట్టేది కదా. తెల్లారేసరికి పొంగి గట్టంతా కారుతుందని."

ఏడాది తర్వాత ఆ వంటింట్లో ఆయన నోట అమ్మ మాట రావడం అదే మొదలు. నేనేమీ అనలేదు. ఇడ్లీ పిండిని పొంగించేది ముఖ్యంగా బ్యాక్టీరియా అనీ, ఇది ఈస్టు అనీ చెప్పడానికి నోరు తెరిచి మూసేసుకున్నాను. ఆ తేడాతో ఎవరికేం పని? ఆమె వాతావరణం చూసి పిండి రుబ్బే వేళ మార్చేది. ఈ పిండికీ కావలసింది అదే జ్ఞానం. వంటల పుస్తకాల్లో 'ఒక గంట' అని ఉంటుంది. అది వాళ్ల గది గంట. మన మే నెలలో నలభై నిమిషాలకే రెట్టింపవుతుంది, హైదరాబాదు డిసెంబరులో రెండు గంటలైనా పట్టొచ్చు. గడియారాన్ని కాదు, పిండిని చూడాలి. తడి వేలితో నొక్కితే పడిన గుంట మెల్లగా, సగం మాత్రమే పూడితే సిద్ధమైనట్టు. టక్కున పూడిపోతే ఇంకాసేపు ఆగాలి.

పిండి పొంగేలోగా వెల్లుల్లి పని. ఇక్కడ నాన్నకి నేర్పాల్సింది ఏమీ లేదు. ఆయన జన్మలో వంటకి సంబంధించి చేసిన పని ఏదైనా ఉంటే, ఏటా ఆవకాయ రోజుల్లో పాత పేపరు పరుచుకుని వెల్లుల్లి వలవడమే. పాయల్ని నీళ్లలో వేసి, గోటితో తొక్క లాగి, ఎనిమిది రెబ్బలు నిమిషంలో నా ముందు పెట్టారు. వాటిని సన్నగా తరిగి, 50 గ్రాముల వెన్నలో సన్నని సెగ మీద పచ్చివాసన పోయేదాకా మాత్రమే ఉంచాలి. రంగు మారితే చేదొస్తుంది. దించాక కొత్తిమీర, వెన్న ఉప్పుది కాకపోతే చిటికెడు ఉప్పు. కొందరు వెల్లుల్లిని పిండిలోనే కలుపుతారు. ఎక్కువైతే పచ్చి వెల్లుల్లి ఈస్టుని నీరసపరుస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు పైన రాయడమే మేలు.

పొంగిన పిండిని మెల్లగా నొక్కి గాలి తీసి, 60 గ్రాముల చొప్పున తొమ్మిది ముద్దలు. అంచుల్ని అడుగుకి మడిచి, బోర్లించిన అరచేతి కింద గుండ్రంగా తిప్పితే పైచర్మం బిగుస్తుంది. వెన్న రాసిన ఎనిమిదంగుళాల చదరపు ట్రేలో మూడు వరుసలు. మళ్లీ అరగంట, నలభై నిమిషాలు కప్పి ఉంచాలి. ముద్దలు ఒకదాన్నొకటి తాకే వేళకి ఓటీజీని 190 డిగ్రీల దగ్గర ముందే వేడిచేసి ఉంచుకోవాలి. వెల్లుల్లి వెన్నలో పైపైన తేలే వెన్నని మాత్రం ముందు రాసి, మధ్య అరలో 20 నుంచి 22 నిమిషాలు. అడుగున మిగిలిన వెల్లుల్లి ముక్కల్ని బయటికి తీశాక వేడివేడి బన్నుల మీద పొయ్యాలి. ముందే వేస్తే మాడతాయి. తీసిన వెంటనే తుంచకండి, లోపల ఇంకా కుదురుకుంటుంటుంది. పావుగంట ఆగాలి. "క్యూరింగ్" అన్నారు నాన్న, వాచీ చూసుకుంటూ.

ఇద్దరం చెరో రెండు తిన్నాం. బాగున్నాయని గానీ, అమ్మ ఉంటే ఎలా ఉండేదో అని గానీ ఆయన అనలేదు. పోల్చడానికి ఏమీ లేదు కదా. మూడోది తీసుకోబోయి ఆగి, ట్రేలో మిగిలిన అయిదింటినీ చూశారు. మర్నాటికి ఇవి గట్టిపడతాయని నేనే చెప్పాను. లేచి అలమర తెరిచి, ఒక డబ్బా తిరగేసి అడుగున పేరు చదివి, మూడు బన్నులు పెట్టి మూత పెట్టారు. చొక్కా వేసుకుని పక్కింటికి వెళ్లారు.

"మీరు చేశారా అన్నయ్యగారూ?" అన్న పిన్నిగారి గొంతు నాకు వంటింట్లోకి వినపడింది. నాన్న ఏం చెప్పారో వినపడలేదు. రావడానికి ముప్పావు గంట పట్టింది.

ఓటీజీ అక్కడే వదిలేసి వచ్చాను. ఇప్పుడు ఆదివారం బన్నుల రోజు. డైరీలో తేదీ, ఆ రోజు ఎండ, పిండి పొంగడానికి పట్టిన నిమిషాలు ఎం-బుక్ రాసినట్టు రాస్తారు. ఒకసారి బన్నులు లోపల ఉండగా కరెంటు పోయింది. అడుగు తడిగా, పైన అట్టలా తయారైన వాటిని అడ్డంగా కోసి పెనం మీద నేతితో కాల్చుకుని తిన్నారట. మామూలు బన్నులు మర్నాటికి గట్టిపడినా దిగులక్కర్లేదు. నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించి, మూతపెట్టి పెనం మీద సన్నని సెగన మూడు నాలుగు నిమిషాలుంచితే మళ్లీ మెత్తబడతాయి.

ఆ పదకొండు గిన్నెలూ వెళ్లిపోయాయి. కానీ అలమర ఖాళీ కాలేదు. ఇప్పుడు వేరే గిన్నెలు ఉంటున్నాయి, ఆదివారం వెళ్లిపోతున్నాయి. క్యారేజీ ఇంకా వస్తోంది. ఆయన కోలుకున్నారని నేను అనను, ఆ మాటకి అర్థమేంటో నాకు తెలీదు. ఇల్లు అద్దెకిచ్చే మాట మాత్రం కొన్నాళ్లుగా ఎవరూ ఎత్తడం లేదు. పోయిన నెల ఫోన్లో వర్షాల గురించి మాట్లాడుతూ మధ్యలో, "పప్పులో పసుపు ముందే వేస్తారా, ఉడికాకా?" అని అడిగారు. ముందే అన్నాను. రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

మీ ఇంట్లోనూ అలా గడప దగ్గర ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే, పప్పు గురించి కొన్నాళ్లు ఆగండి. ముందు ఒక చిన్న కాటా కొనివ్వండి. వెల్లుల్లి వాళ్లనే వలవమనండి.